తడి లేని గచ్చు

నవంబర్ 18, సోమవారం

పొద్దున మంచు. బొగ్గు లారీలు లైట్లు వేసుకొనే పోయాయి. అంగన్‌వాడీ సెంటర్‌లో పిల్లల బరువులు తూచాను, గుడ్లు ఉడకబెట్టించాను. రిపోర్ట్ ఫోన్‌లో ఎక్కించేసరికి రెండు దాటింది. ఇంటికి వస్తే మా ఆయన రాయమల్లు కుర్చీలోనే ఉన్నాడు. పొద్దున నేను వెళ్లేటప్పుడు ఎలా ఉన్నాడో అలాగే. టీవీ నడుస్తోంది. నీళ్ల చెంబు అందియ్యమన్నాడు. చెంబు కిటికీలో ఉంది, లేస్తే రెండడుగులు. ఇచ్చాను. ఒళ్లు మండింది.

ఆయన రిటైరై రెండేళ్లు. ఫంక్షన్‌లో దండలేసి ఈ కుర్చీ ఇచ్చారు. భూమి లోపల బొగ్గుబాయిలో కష్టపడినవాడు రిటైరయ్యాక కూర్చోవాలి. మా దగ్గర ఇదో మర్యాద. సంచి పట్టుకొని కూరగాయలకు పోతే, కొడుకు సూస్తలేడా అని అడుగుతారు. అందుకే మా జగదీశ్వర్ తండ్రిని పాలప్యాకెట్ కూడా తేనివ్వడు. బాపు నువ్వు కూసో, ఇదొక్కటే మాట.

నవంబర్ 20, బుధవారం

పడ్డాడు.

నేను సెంటర్‌లో ఉన్నాను. పక్కింటి సారవ్వ చూసింది. గ్యాస్ బండ వచ్చిందని కుర్చీలోంచి లేచాడట, లేవగానే మోకాళ్లు మడతపడి ఉన్నచోటే కూలాడట. నేను పరుగున వచ్చేసరికి కాలు పక్కకు తిరిగిపోయి ఉంది. మెట్టు లేదు, గడప లేదు, నీళ్లు లేవు.

మూడిళ్ల అవతల ఉండే ఆగయ్య అంబులెన్స్ కంటే ముందే వచ్చాడు. బాయిలో ఈయన జోడీ. గింత బొగ్గు ఎత్తిన బొక్కలు ఉత్తగనే ఇరుగుతయా చెల్లె, బండలు కడిగి ఆరకముందే ఇడిసిపెట్టినవా అని నన్నే అడిగాడు. నేను తుడిచింది తెల్లవారుజామున. జగదీశ్వర్ చెప్పు విడిచి, పాదంతో గచ్చు తడిమి చూశాడు. నా కళ్లముందే.

నవంబర్ 22, శుక్రవారం. కరీంనగర్

ఆపరేషన్ అయింది. తుంటిలో రాడ్ వేశారు. అందరూ ఉండగానే డాక్టరమ్మను అడిగాను, తడి లేని చోట మనిషి ఎలా పడతాడని. రోజంతా కూర్చుంటే తొడ కండ కరుగుతుంది, ఎముక పలచబడుతుంది, పడటానికి తడి అక్కర్లేదు అంది. ఎముకలు గుల్లబారడం ఆడవాళ్ల జబ్బని మగవాళ్లు చూపించుకోరట. తుంటి విరిగాక ఎక్కువ ప్రమాదం మగవాళ్లకేనట. మంచానికి అతుక్కుంటే పుండ్లు, న్యుమోనియా. రేపటి నుంచే నడిపించాలంది.

జగదీశ్వర్ ఫోన్ చూసుకుంటున్నాడు.

నవంబర్ 23

నిలబెట్టారు. నన్ను తిట్టాడు. నిలబడ్డాడు.

నవంబర్ 29, శుక్రవారం

ఇంటికి తెచ్చి మూడు రోజులు. చూడటానికి వచ్చేవాళ్లకు చాయ్ పెట్టలేక చస్తున్నాను. ఆగయ్య, సదయ్య పొద్దున వస్తే భోజనాల వేళకు గానీ పోరు. ఇద్దరూ బాయిలో ఫస్ట్ ఎయిడ్ టీంలో చేసినవాళ్లే. అక్కడి రూల్, దెబ్బ తగిలినవాడిని స్ట్రెచర్ వచ్చేదాకా కదిలించొద్దు. ఆ రూల్ మా మంచం దగ్గరికి తెచ్చారు. నేను లేపి కూర్చోబెడితే వాళ్లు పడుకోబెడతారు. కదిలితే రాడ్ జారుతది బావ, పండుకో, మేం లేమా అంటాడు ఆగయ్య. లేచే పని లేకుండా సదయ్య యూరిన్ డబ్బా కొనుక్కొచ్చాడు.

డాక్టరమ్మ మాట చెప్పాను. దవాఖానోళ్లు గట్లనే అంటరు చెల్లె, మేం ఎంతమందిని మోసినం అన్నాడు ఆగయ్య. మోసిన మాట నిజమే. ఆయన మోసినవాళ్లు ఇంకా బతికి ఉన్నారు. అందుకే ఈ ఇంట్లో నా మాట చెల్లదు.

డిసెంబర్ 4

నడుము కింద చర్మం ఎర్రబడింది. దగ్గు మొదలైంది.

డిసెంబర్ 9, సోమవారం

సెంటర్ నుంచి వచ్చేసరికి మంచం మీద పేకముక్కలు పరిచి పత్తాలాట. ఈయన కాళ్ల కింద రెండు దిండ్లు. వాకర్ మీద తువ్వాళ్లు ఆరేసి ఉన్నాయి.

నోరు ఆగలేదు. ఆగన్నా, బాయిల రూఫ్ కూలితే దెబ్బ తాకినోన్ని పైకి తెస్తరా, ఆడనే పండవెట్టి పత్తాలాడుతరా అని అరిచాను. ఈయన ఇంకా పైకి రాలేదు, మీరే రానిస్తలేరు, ఇయ్యాల్టి సంది నా ఇంట్లకు రాకుండ్రి అన్నాను. సదయ్య చెప్పుల కోసం వెతుక్కున్నాడు. ఆగయ్య, సల్లబడ్డంక మాట్లాడుదాం అని వెళ్లిపోయాడు.

రాయమల్లు, నా దోస్తుల ఇజ్జత్ తీసినవ్ అన్నాడు. గోడవైపు తిరిగాడు. ఎవరి సాయం లేకుండా తిరిగాడు.

డిసెంబర్ 10

ఆయన నాతో మాట్లాడటం లేదు. ఇంటికొచ్చినోళ్లను గెదుముతవా అని జగదీశ్వర్ నన్ను కోప్పడ్డాడు. అయితే రేపు పుండు పడితే నువ్వు కడుగు అన్నాను. డ్యూటీకి వెళ్లిపోయాడు.

డిసెంబర్ 13

ఎవరూ రాలేదు. ఆయన వాకిలి వైపే చూస్తున్నాడు. వంటింట్లో ఉండగా గచ్చు మీద వాకర్ చప్పుడు. ఆగింది. మళ్లీ వినిపించింది. నేను వెళ్లి చూడలేదు.

డిసెంబర్ 16, సోమవారం

చలి. జగదీశ్వర్ ఫస్ట్ షిఫ్టుకు ఆరింటికి వెళ్లాడు. నేను తొమ్మిదికి. పదిన్నరకు రాయమల్లు వెళ్లాడట, వాకర్ పట్టుకొని, మూడిళ్లు దాటి ఆగయ్య ఇంటికి. వెంట నడవబోయిన సారవ్వను తిట్టి పంపాడట.