కల్పనను మా ఇంటికి పంపమని

గౌరవనీయులైన అనంతపురం జిల్లా కలెక్టర్ గారి సముఖమునకు,

రాప్తాడు మండలం, చిన్నకుంట్లపల్లె గ్రామ కాపురస్తుడు, గొర్రెల కాపరి, కీ.శే. కొండప్ప కుమారుడు దాసప్ప సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: సంరక్షణ గృహమునందు ఉంచబడిన కల్పన అను మేజరు యువతిని, రక్తసంబంధము లేకపోయినను, మా కుటుంబమునకు అప్పగించుటకు అనుమతి కోరుట గురించి.

నేను సంతకం మాత్రమే చేయగలవాడను. ఈ అర్జీ నేను చెప్పగా నా కూతురు చౌడేశ్వరి రాస్తున్నది. ఆమె ఇంటరు మొదటి సంవత్సరం దాకా చదివింది. కేసు కాగితాలు చదివి చదివి ఈ మాదిరి భాష ఆమెకు పట్టుబడింది. మాట నాది, రాత ఆమెది. తప్పులుంటే మన్నించవలెను.

1. వర్షాభావ పరిస్థితుల దృష్ట్యా నా బిడ్డ ఇల్లు విడిచిన ఏడు మా చెనిక్కాయ (వేరుశనగ) పంట పూర్తిగా దెబ్బతిన్నది. బోరు కూడా ఎండిపోయింది. ఊర్లో మేత లేక నేను గొర్రెలను తోలుకొని కాలువ పారే ఊర్ల వైపు పోయి, నెలల తరబడి అక్కడే ఉన్నాను. ఆ సమయమున పక్క ఊరి తిరుపాలమ్మ అను ఆమె మా ఇంటికి వచ్చింది. నా భార్య నల్లమ్మకు వరుసకు పిన్నమ్మ అవుతుంది. బెంగళూరులో బట్టలు కుట్టే ఫ్యాక్టరీ ఉందని, ఆడపిల్లలకు హాస్టలు కూడా వాళ్ళే ఇస్తారని చెప్పింది.

"పాపను నా కూతురు మాదిరి చూసుకుంటా నల్లమ్మా. ఉగాదికి కొత్త గుడ్డలు కట్టుకొని వస్తాది చూడు" అన్నది.

నా బిడ్డ ఈ చౌడేశ్వరికి అప్పటికి పదిహేడేండ్లు. తల్లి తన వంతు కూడు తగ్గించుకొని తనకు పెడుతున్నదని చూసి, తానే పోతానన్నది. బస్సు ఎక్కింది. బెంగళూరు మాత్రం చేరలేదు.

2. బిడ్డ ఫోను పలకడం మానినాక నేను గొర్రెలను అన్నకు ఒప్పజెప్పి పోలీసు స్టేషనుకు పోయినాను. అక్కడున్నాయన, "పెద్దపిల్ల కదప్పా, ఎవురితోనో పోయింటాది. కొన్నాళ్ళు చూడు, అదే వస్తాది" అని చెప్పి పంపినాడు. తిరుపాలమ్మను అడిగితే, "రైలు టేషన్లో ఫ్యాక్టరీ వాళ్ళకు అప్పజెప్పినా. ఆ తర్వాత నాకు తెల్దు" అని దేవుని మీద ఒట్టు పెట్టింది. పోగా పోగా ఫిర్యాదు రాసుకొన్నారు. దాని మీద చర్య తీసుకొనబడలేదు. నల్లమ్మ ఆ ఏడాదంతా ఇంటి తలుపు గడియ వేయలేదు. పిల్ల వస్తే తట్టాల్సిన పని ఉండకూడదని.

3. అయ్యా, నా బిడ్డను మహారాష్ట్రలోని ఒక పెద్ద పట్నంలో ఒక ఇంట్లో అమ్మినారు. ఆ ఇంట్లో ఏమి జరిగినదో నా బిడ్డ చేత రాయించలేను. అది తమరికి తెలియనిది కాదు.

నా బిడ్డకంటే ముందు నుంచే ఆ ఇంట్లో కల్పన ఉన్నది. సోమందేపల్లెలో స్టీలు సామాన్ల అంగడి నడిపే బదరీనారాయణ సెట్టిగారి పెద్ద కూతురు. ఫోనులో పరిచయమైనవాడు ఒకడు పెండ్లి చేసుకుంటానని నమ్మించి తీసుకుపోయి, ఆ ఇంట్లో వదిలి కనపడకుండా పోయినాడు. అక్కడ తెలుగు మాట్లాడేది వీళ్ళిద్దరే. నా బిడ్డకు విషజ్వరం వచ్చి పడుకున్నప్పుడు, లేపడానికి వచ్చిన వాళ్ళకు కల్పన తలుపులో అడ్డం నిలబడింది. ఆ దెబ్బల గుర్తు ఆమె ఎడమ చెయ్యి మీద ఇప్పటికీ ఉన్నది. మోచెయ్యి పూర్తిగా చాపలేకపోతున్నది.

4. ఒక దినం ఆ ఇంటికి రక్తపరీక్షల కోసం ఒక నర్సమ్మ వచ్చింది. కాపలా మనిషి అట్లా పక్కకు పోయిన సందులో కల్పన ఆమెకు ఒక ఫోను నంబరు చెప్పింది. ఒక్క నంబరు చెప్పేంత సమయమే దొరికింది. ఆ నంబరు వాళ్ళ నాయనది కాదు, నాది. మా పిల్ల కలవరింతల్లో కూడా చెప్పే నంబరు కనుక ఆమెకు నోటికి వచ్చి ఉండినది.

"మీ ఇంటి నంబరు ఎందుకు చెప్పలేదక్కా" అని తర్వాత మా పిల్ల అడిగిందంట.

"మా ఇంట్లో ఎత్తరు చౌడీ. మీ నాయన ఎత్తుతాడు" అన్నదంట.

ఫోను వచ్చినప్పుడు నేను గుట్ట మీద ఉన్నాను. ఎవరో ఆడమనిషి హిందీలో మాట్లాడుతున్నది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు, చౌడేశ్వరి అన్న పేరు తప్ప. ఫోను కోయవద్దు తల్లీ, కోయవద్దు అని తెలుగులోనే చెప్పుకొంటూ, గొర్రెలను గుట్ట మీదే వదిలి రోడ్డుకు పరుగెత్తినాను. రోడ్డు పక్కన పంక్చరు అంగడి పెట్టుకొన్న ఓబుళేసు ఒకప్పుడు బొంబాయికి లారీ తోలినవాడు. ఆయన చేతికి ఫోను ఇచ్చినాను. ఆయన విని, చక్రం కింద పెట్టేసి, "కూసో దాసన్నా. నీ బిడ్డ బతికుండాది" అన్నాడు.

ఓబుళేసు నాతోపాటు ఆ పట్నానికి వచ్చినాడు. నర్సమ్మ సహాయంతో అక్కడి పోలీసులు ఆ ఇంటి మీద పడినారు. ఆ ఇంట్లో ఉన్న ఆడపిల్లలందరినీ బయటకు తెచ్చినారు.

5. పోలీసు కాగితములలో "పట్టుబడినవారు" అను శీర్షిక కింద ఇంటి యజమానురాలి పేరు, కాపలావాని పేరు, నా బిడ్డ పేరు, కల్పన పేరు వరుసగా రాసి ఉన్నవి. ఈ విషయం నా బిడ్డే చదివి నాకు చెప్పింది. "మమ్మల్ని కూడా పట్టుకున్నారంట నాయనా" అన్నది.

6. తర్వాత ఇద్దరినీ మన వైపుకు తెచ్చి సంరక్షణ గృహంలో పెట్టినారు. నా బిడ్డ చెప్పిన మాట మీద తిరుపాలమ్మను అరెస్టు చేసినారు. విచారణ జరిపి, కన్నతండ్రిని గనుక నా సంతకం తీసుకొని నా బిడ్డను నాకు ఇచ్చినారు. సెట్టిగారు కూడా అదే దినం వచ్చినారు. నేను ఆ గదిలోనే ఉన్నాను.

తెల్లచొక్కా వేసుకొని వచ్చి కుర్చీ అంచున కూర్చున్నారు. కల్పన వచ్చి గోడకు ఆనుకొని నిలబడింది.

"అన్నం తిన్నావా" అని అడిగినారు.

"తిన్నా నాన్నా" అన్నది.

ఆయన తన చేతిలోని కవరు ఆమెకు ఇచ్చినారు. ఆమె తీసి చూసింది. సబ్బులు, పండ్లపొడి, ఒక టవలు ఉన్నవి. వాటిని చూడగానే ఆమెకు తెలిసిపోయింది. ఇంటికి పిలుచుకొని పోయే బిడ్డకు ఎవరూ సబ్బులు తేరు. ఆమె ఏడవలేదు. కవరు మడిచి పట్టుకొని, "చెల్లెలు బాగుందా నాన్నా" అని అడిగింది. సెట్టిగారు అప్పుడు ఏడ్చినారు. ఏడ్చి, సంతకం పెట్టకనే లేచినారు.

నేను బయటికి వెంబడించి పోయి, టీ బంకు దగ్గర ఆయనను నిలబెట్టినాను.

"ఏం సెట్టిగారూ, బిడ్డను ఇడిసిపెట్టి పోతాండారే" అన్నాను.

"నీది గొర్రెల మంద దాసప్పా. గుట్టకు తోలుకొని పోతే నిన్ను ఎవురూ ఏమీ అడగరు. నాది బజారు. పొద్దున షట్టరు ఎత్తితే, గిన్నె కొనే దానికి వచ్చినోడు గిన్నె చూడడు, నా బిడ్డ యాడుందో చూస్తాడు. చిన్నదాన్ని పెండ్లికి అడిగేదానికి వచ్చే వారం మనుషులు వస్తాండారు."

"అయితే నేను పిలుచుకొని పోదునా?"

ఆయన టీ గ్లాసు అట్లే పట్టుకొని ఉండిపోయినారు. చల్లారిపోయింది. చివరికి, "పిలుచుకొని పో. నేను అడ్డం రాను. కానీ సంతకం మాత్రం నన్ను అడగొద్దు" అన్నారు.

ఆయన దుర్మార్గుడని నేను అర్జీలో రాయించను. బస్సు వచ్చినా ఎక్కలేక, రెండు బస్సులు వదిలేసి మూడోది ఎక్కినారు. నేను చూసినాను.

7. నేను మరల లోపలికి పోయి, ఈ బిడ్డను కూడా పంపండని అడిగినాను. రక్తసంబంధీకుడు కాని వ్యక్తికి అప్పగించుట నిబంధనలకు విరుద్ధమని చెప్పబడినది. కన్నతండ్రి ఒప్పుదల కాగితం తెమ్మన్నారు. తండ్రి నోటితో ఒప్పినాడు, చేతితో ఒప్పడు అని చెబితే నవ్వినారు. తదుపరి విచారణకు ఒక అధికారిణి మా ఇంటికి వచ్చి, రేకుల ఇల్లు, ఒకే గది, కులము వేరు అని రాసుకొని పోయినారు. తహశీల్దారు ఆఫీసులో, ఇది మా పరిధి కాదు సంక్షేమ శాఖను అడగమన్నారు. వాళ్ళు కోర్టును అడగమన్నారు. కోర్టులో, సంక్షేమ శాఖ వారి నివేదిక రావలెనన్నారు. ఈలోగా ఆమెను ఉంచే గడువు ఇంకొక ఏడాది పెరిగినది.

అయ్యా, కల్పనకు ఇరవై యొక్క ఏండ్లు నిండినవి. పోయిన ఎన్నికలకే ఓటు వేసే వయసు వచ్చిన మనిషి. తాను ఎక్కడ ఉండాలో తాను చెప్పుకుంటే చెల్లదా? ఆమె ఏ నేరమూ చేయలేదని అందరూ చెబుతారు. గేటు తాళం మాత్రం ఎవరూ తీయరు.

8. మొన్న అనంతపురంలో ఒక హాలులో ఆడపిల్లలను అమ్ముట, కొనుటకు సంబంధించిన చట్టము గురించి సభ జరిగినది. ఎవరో చెప్పగా నేనూ నా బిడ్డా పోయినాము. ఒక లాయరు గారు, ఆడపిల్లలను వదిలి, కొనేదానికి వచ్చే మగవాళ్ళను జైలుకు పంపేటట్లు చట్టం మార్చవలెనన్నారు. ఒక మేడం గారు, తమ ఇష్టంతో ఆ బతుకు బతికే వాళ్ళ జోలికి పోలీసులు పోరాదన్నారు. వీళ్ళిద్దరూ గట్టిగా వాదించుకొన్నారు. నాకు ఇద్దరి మాటల్లోనూ న్యాయం ఉన్నట్టే తోచింది. ఒక పెద్దాయన లేచి, సెల్‌ఫోన్లు వచ్చి ఆడపిల్లలు చెడిపోయినారన్నాడు. ఆయనకే చప్పట్లు ఎక్కువ పడినవి.

చివర నా బిడ్డను మాట్లాడమన్నారు. మొహానికి చున్నీ కట్టుకోమని, అది ఆమె మంచికేనని చెప్పినారు. ఆమె కట్టుకొని మైకు దగ్గరికి పోయి, దాన్ని మళ్ళీ తీసేసింది.

"నన్ను అమ్మినామె పేరు తిరుపాలమ్మ. బెయిలు మీద బయటికి వచ్చినాది. మొన్న సంతలో నన్ను చూసి, ఎట్లుండావు పాపా అని అడిగినాది. ఆయమ్మ మొహం కప్పుకోలేదు. నేనెందుకు కప్పుకోవల్ల?" అన్నది. "చట్టం మీరు ఎట్లన్నా మార్చుకోండి. నాకు అంత తెల్దు. గేటు లోపల ఇంకొక పిల్ల ఉండాది. ఆయక్కను ఎప్పుడు ఇడుస్తారో అది చెప్పండి" అన్నది.

శాలువా కప్పి పంపినారు. ఆ శాలువాను ఆమె మరుసటి ఆదివారం కల్పనకు ఇచ్చి వచ్చింది.

9. ఆదివారాలు నా బిడ్డ పోయి గేటు కమ్మీల నుంచే ఆమెతో మాట్లాడి వస్తుంది. మొదట్లో కల్పన బాగానే మాట్లాడేది. లోపల కుట్టుపని నేర్చుకొన్నది. నల్లమ్మకు జాకెట్టు కుట్టి పంపింది. ఇప్పుడు మాట తగ్గిపోయింది. జుట్టు దువ్వుకోవడం లేదు. పోయిన ఆదివారం, "ఇంక రావద్దు చౌడీ. నువ్వు వచ్చి పోయినాక ఆ వారమంతా గడవదు" అన్నదంట. నా బిడ్డ ఇంటికి వచ్చి పొయ్యి ముందర కూర్చొని మంట పెట్టడం మరిచిపోయింది. నల్లమ్మ నా దగ్గరికి వచ్చి, "ఆ పిల్ల ఆడ సచ్చిపోతాది మామా. ఎవురికి చెప్పుకోవల్లో వాళ్ళకు చెప్పు" అన్నది.

అందుకే తమరికి చెప్పుకొంటున్నాను.

కావున తమరు దయతో (అ) కల్పనను తమ ఎదుటికి పిలిపించి, ఆమె ఎక్కడ ఉండగోరుచున్నదో ఆమె నోటితోనే వినవలెను. (ఆ) ఆమె మా ఇంటికి వస్తానంటే, ఆ మాటనే సంతకముగా ఎంచి, కోర్టు వారికి ఆమెకు అనుకూలమైన నివేదిక పంపించవలెను. (ఇ) రానంటే, ఎక్కడికి పోతానన్నా పోనివ్వవలెను. మా ఇంటికే రావాలని నా పట్టుదల కాదు. ఆమె నా నంబరు చెప్పింది. అందుకని ఎత్తవలసిన బాధ్యత నాది.

ఇల్లు చిన్నదను అభ్యంతరము గురించి: వసారాకు రేకులు వేసి తలుపు పెట్టినాము. లోపలి గడియ కూడా ఉన్నది.

గొర్రెల కాపరి మాట అని తోసివేయక ఈ విన్నపమును చిత్తగించవలెనని తమ పాదములకు మొక్కుచున్నాను.

ఇట్లు,
తమ విధేయుడు,
దాసప్ప

తా.క. అయ్యా, నాయన సంతకం పెట్టి గొర్రెల కాడికి పోయినాడు. ఈ కింది మాటలు ఆయన చెప్పినవి కావు, నావి.

విచారణకు వచ్చిన మేడం పోతా పోతా, "ఆ అమ్మాయి వాళ్ళు నీసు ముట్టరు కదా, మీ ఇంట్లో ఏం తింటుంది" అని అడిగి పోయినారు. ఆ దినం నుంచి మా ఇంట్లో నీసు వండలేదు. నీసు వండిన పాత మట్టి చట్లన్నీ పెదనాయన వాళ్ళకు ఇచ్చేసినారు. మొన్న జాతరకు పెదనాయన పొట్టేలు కోసి గిన్నెతో కూర పంపించినాడు. మా నాయన దాన్ని గడప దాటనీయలేదు. అమ్మ, "ఆ పిల్ల ఇంకా రాలేదు గదా, బయట కూసోని తిను" అన్నది.

"వచ్చినప్పుడు ఇంట్లో వాసన ఉంటే బాగుండదులే" అని నాయన, సంగటి ముద్దలో ఇంత ఊరిమిండి పచ్చడి పెట్టుకొని తిన్నాడు.