చెరువు అర్జీ మీద నీ పేరు

అక్కా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఇవాళ నాందేడ్ జిల్లా ఆఫీసు నుంచి సాహెబ్ మన కర్ఖేలికి వచ్చాడు. బాల్వాడీలో నువ్వు చదువు చెప్పే చిన్నపిల్లలకు చెరువు నీళ్లు తాగి విరేచనాలు పట్టుకున్నప్పుడు, మురుగు చెరువులో కలవకుండా కాలువ తవ్వుకుంటామని గ్రాంటుకు అర్జీ పెట్టావు కదా, అది తెచ్చాడు.

"అర్జీదారు ఎవరు?" అని మరాఠీలో అడిగాడు.

"మా అక్క, సాబ్. కామెర్లయి సచ్చిపోయింది" అన్నాను.

అయితే ఆమె బదులు ఇంకొకరు సంతకం పెట్టి, పనికి జవాబుదారీగా ఉండాలన్నాడు. చుట్టూ చేరిన ఊరివాళ్లలో ఒక్కరూ ముందుకు రాలేదు. అందరికంటే ఎక్కువ మురుగు పటేల్ పెద్దింటి నుంచే వస్తుంది, కాలువ తవ్వాలంటే ముందు ఆయనకే అడ్డు చెప్పాలి. మనందరికీ కూలి ఇచ్చేదీ ఆయనే.

పక్కింటి నర్సవ్వ నా కొంగు పట్టుకుంది. "నువ్వు పెట్టకు బిడ్డా. రేపు పటేల్ పనికి పిలుస్తడా?"

అయినా కలం తీసుకుని సంతకం పెట్టాను. గ్రాంటు వస్తుందో రాదో సాహెబ్ చెప్పలేదు. రేపు పటేల్ పిలుస్తాడో లేదో కూడా తెలియదు.

సంతకానికి ముందు సాహెబ్ నీ పేరు కొట్టేయమన్నాడు అక్కా. సన్నగా ఒక్క గీతే గీశాను. ఇంకా చదవడానికి వస్తుంది.