అది టోపీ కాదండీ!

క్రేను ఆపరేటరుగా చేరబోతున్న అమ్మాయిగారికి,

మీ గేటు పాసు దరఖాస్తు తిప్పి పంపుతున్నాము. ఫోటోలో మీరు టోపీ పెట్టుకున్నారు. మూడో నిబంధన ప్రకారం టోపీ తీసి ఫోటో దిగాలి. ఒకటో తారీఖుకి పాసు లేకపోతే ఓడరేవు గేటు లోపలికి రానివ్వరు. ఉద్యోగం జాబితాలో మీ తరవాతివారికి పోతుంది.

ఇట్లు,
పాసుల గుమాస్తా

తా.క.: ఇంత ఎండల్లో ఊలు టోపీ ఏమిటండీ?

*

గుమాస్తాగారికి కోపం దిగమింగుకుని పెడుతున్న నమస్కారం.

అయ్యా, అది టోపీ కాదు, నా జుట్టు. ఆస్తులన్నీ మావయ్యలకి పోగా, అమ్మమ్మ నుంచి నాకు దక్కింది ఈ ఉంగరాల జుట్టొక్కటే. మూడేళ్ళు ఒళ్ళు హూనం చేసుకుని క్రేను నడపడం నేర్చుకున్నాను. జుట్టు దగ్గర ఆగిపోతే ఊరుకుంటానా? మీకోసం తలంటుకుని, తడి తలతోనే స్టూడియోకి పరిగెత్తి ఇంకో ఫోటో దిగాను. చూసి తరించండి.

ఇట్లు,
టోపీ లేని మనిషి

తా.క.: కుర్చీ తడిసిందని ఫోటోగ్రాఫరు తిట్టాడు. ఆ తిట్లలో సగం మీవి.

*

అమ్మాయిగారికి,

వ్యవహారం ముదిరింది. మొదటి ఫోటోలో జుట్టు చెవులదాకా ఉంది. పది రోజుల తరవాతి ఫోటోలో భుజాలు దాటి కిందికి పోయింది. పది రోజుల్లో అంత జుట్టు ఎవరికీ పెరగదు కాబట్టి వీళ్ళు ఇద్దరు మనుషులని మా పెద్దసారు తేల్చారు. "అక్కచెల్లెళ్ళు కావచ్చు" అని ఎర్రసిరాతో రాశారు కూడా. మీ ఇద్దరిలో క్రేను నడిపేది ఎవరో తెలుపగలరు.

ఇట్లు,
పాసుల గుమాస్తా

తా.క.: ఇది ఆఫీసు ప్రశ్న కాదు. ఒక్క చిక్కయినా లేదే! ఏ దువ్వెన వాడతారు?

*

గుమాస్తాగారికి, పళ్ళు కొరుకుతూ రాస్తున్న నమస్కారం.

అయ్యా, నాకు అక్కా లేదు, చెల్లీ లేదు. ఉన్నది ఒక్క అన్న, వాడిది బట్టతల. ఉంగరాల జుట్టు తడిస్తే సాగుతుంది, ఆరితే ముడుచుకుపోతుంది. నమ్మరు కదా? గోడగడియారం పక్కన నిలబడి గంటకొకటి చొప్పున ఆరు ఫోటోలు దిగి పంపుతున్నాను. వరసగా పేర్చుకుని చూడండి.

దువ్వెన సంగతి అడిగి వెక్కిరిస్తున్నారా? అయితే పూర్తిగా వినండి. పొడి జుట్టుని దువ్వకూడదు, దువ్వితే చీపురుకట్టే. తడిగా ఉన్నప్పుడు కండిషనర్ రాసి, వెడల్పు పళ్ళ దువ్వెనతో ముందు కొసల చిక్కులు తీసి పైకి రావాలి. తువ్వాలుతో రుద్దకూడదు, పాత నూలు చొక్కాతో అద్దాలి. అవిసెగింజలు ఉడికించి వడకట్టిన జిగురు పట్టించి, పిడికిట్లో నొక్కి వదలాలి. ఆరేదాకా ముట్టుకోకూడదు. మొండిఘటం, బతిమాలితేనే వింటుంది. అచ్చం నాలాగే.

ఇంక వారమే ఉంది. నిజం చెప్పొద్దూ, భయంగా ఉందండీ.

ఇట్లు,
ఇద్దరు కాదు, ఒక్కదాన్నే

తా.క.: ఆ జిగురు ఫ్రిజ్‌లో పెడితే మా అన్న జావనుకుని తాగేశాడు. అయినా ఒక్క వెంట్రుకా మొలవలేదు.

*

ఉంగరాల తల్లికి, ఆశీస్సులు.

పాసు ఇందులోనే పెట్టాను, మొదటి ఫోటోతోనే. నీ ఆరు ఫోటోలూ పెద్దసారు బల్లమీద పేర్చాను. ఆయన మొదటినుంచి రెండుసార్లు, చివరినుంచి ఒకసారి చూసి, "ఔరా!" అని సంతకం పెట్టేశారు.

నిన్ను వెక్కిరించలేదమ్మా. ఉత్తరం ఉత్తరానికీ అయ్యా, అయ్యా అన్నావు గానీ నేను అయ్యని కాను, అమ్మని. నాదీ ఉంగరాల జుట్టే. పద్దెనిమిదేళ్ళ కిందట, ఉద్యోగం పోతుందేమోనని హడలి, జుట్టు ఇస్త్రీ చేయించుకుని పాసు ఫోటో దిగాను. ఐదో నిబంధన ప్రకారం మనిషి ఫోటోలాగే ఉండాలి. అందుకని అప్పటినుంచీ రోజూ పొద్దున్నే గంట ముందు లేచి జుట్టు ఇస్త్రీ చేసుకుంటున్నాను. ఉంగరాలు ఎలా ఉంటాయో మరిచిపోయే నీ జుట్టుని టోపీ అనుకున్నాను.

ఇవాళ సెలవు. నువ్వు చెప్పినట్టే అన్నీ చేశాను. ఆరాక అద్దంలో చూసుకుంటే మా అమ్మ కనిపించింది. కాసేపు ఏడ్చాను. తరవాత ఇస్త్రీపెట్టె తీసి అటక మీద పడేశాను.

ఇట్లు,
నీ పాసుల గుమాస్తా

తా.క.: ఒకటో తారీఖున కాస్త పెందలాడే రా. కాపలావాడు నన్ను పోల్చుకోడు, గేటు బయటే నిలబడి ఉంటాను. అది టోపీ కాదని వాడికి నువ్వే చెప్పాలి.