చలికాలంలో ఇచ్చిన గుర్రం

హియర్‌ఫర్డ్, మే 9

అక్కా,

‘ప్రియమైన’ అని రాసి కొట్టేశాను. నువ్విచ్చే జవాబును బట్టి మళ్ళీ రాస్తాను. ఫోన్లో అయితే అరిచేస్తానని ఉత్తరం రాస్తున్నాను.

డంకన్ బావ పోయాక, జనవరిలో నువ్వు ఊరికే పంపిన ఆయన గుర్రం బ్రాకెన్ మార్చి దాకా బుద్ధిగా ఉంది. ఏప్రిల్ నుంచీ తల విసరడం మొదలుపెట్టింది. ముక్కులో కందిరీగ దూరినట్టు ఒక్కసారిగా తల ఎగరేస్తుంది, నడుస్తూనే ముక్కును ముందుకాలికేసి రుద్దుకుంటుంది. మొన్న నన్ను కంచె మీద పడేసింది. భుజం ఇంకా లేవడం లేదు.

ముందు కళ్ళెం మీద అనుమానపడ్డాను, తర్వాత పచ్చిగడ్డి మీద, ఆ తర్వాత దాణా వేసే పిల్ల మీద. పశువైద్యురాలు ప్రాసర్ గారు పళ్ళూ చెవులూ కళ్ళూ చూసి, ముక్కులోకి గొట్టం పంపి, ఎక్స్‌రే కూడా తీసి ఎక్కడా ఏమీ లేదన్నారు. ఏమీ లేకపోతే ఎందుకిలా చేస్తుంది? పక్క కొట్టంలో గుర్రాన్ని పెట్టుకున్న గ్వెన్ అయితే నవ్వేసింది. “తల విసిరే గుర్రాన్ని వేసవిలో ఎవడు తీసుకుంటాడే? అవి చలికాలంలోనే చేతులు మారతాయి. అప్పుడు దేవతల్లా నిలబడతాయి మరి! మీ అక్కకి తెలిసే అంటగట్టింది నీకు.”

ఆ మాట విన్నాకే ఈ కాగితం తీశాను. ఇలాగే ఉంటే చంపేయడమే దానికి మేలని ప్రాసర్ గారు అంటున్నారు. నిజం చెప్పు. నీకు ముందే తెలుసు కదూ?

లోర్నా

*

నార్తంబర్‌లాండ్, మే 14

లోర్నా,

ఆ గ్వెన్ నోట్లో మన్ను పడ! నిన్ను మోసం చేసి నేను బావుకునేదేముంది? అది తల విసరడం నేనెన్నడూ చూడలేదు. అసలు దాన్ని నేను చూసిందెప్పుడు? వేసవి వచ్చిందంటే మీ బావ పగలంతా దాన్ని చీకటి కొట్టంలో కట్టేసేవాడు. పొద్దుగూకాక జీను వేసుకుని బయల్దేరేవాడు. ఏడు వేసవులు ఇదే తంతు.

అడిగావు కాబట్టి చెబుతున్నాను, ఇంతవరకూ ఎవరికీ చెప్పుకోలేదు. ఆయన వెళ్ళే దారి మిల్లు పక్కనుంచి. అక్కడ ఐవీ ఒంటరిగా ఉంటుంది. “పగలు వెళ్తే ఏమొచ్చింది నీకు?” అని అడిగితే, “చల్లగా ఉంటుందిలే మురియెల్” అని నవ్వి తప్పుకునేవాడు. చల్లదనం కోసం మొగుడు రోజూ చీకట్లో పోతాడంటే నమ్మడానికి నేను వెర్రిదాన్నా? ఆ గుర్రాన్ని చూస్తేనే నా ఒళ్ళు మండేది. అందుకే వదిలించుకున్నాను. ఇంకే మతలబూ లేదు.

నీకు భారమైతే కబేళా బండిని పిలువు. అప్పట్లో మా దగ్గరున్న తన్నే పొట్టి గుర్రాన్ని నేను అలాగే పంపించానుగా, నిద్ర పట్టకపోలేదు.

మురియెల్

*

హియర్‌ఫర్డ్, జూన్ 2

ప్రియమైన అక్కా,

కూర్చుని చదువు. నీ ఉత్తరంలో గుర్రం సంగతి మాత్రం ప్రాసర్ గారికి చదివి వినిపించాను. ఆవిడ చప్పున లేచి, “చీకటి కొట్టమా? పొద్దుగూకాకా? పదండి” అన్నారు. ఆ సాయంత్రం ఎండ పూర్తిగా పోయాక దాన్ని నడిపించాం. ఒక్కసారి కూడా తల విసరలేదు! మర్నాడు ఎండలో మళ్ళీ మొదలు. అప్పుడు ముఖంలో ఉండే నరానికి తిమ్మిరి సూది వేశారు. కాసేపట్లో అదే ఎండలో తల దించుకుని మేసింది. అది పొగరు కాదక్కా, నొప్పి. వెలుతురు పడితే ఆ నరం నిప్పు తగిలినట్టు మండుతుందట. ఎందుకో ఎవరికీ తెలియదట.

ఇప్పుడు ముక్కుకు సన్నని వల, కళ్ళకు నల్లటి ముసుగు కట్టాం. సగానికి సగం తగ్గింది. పూర్తిగా నయమవుతుందని ఆవిడ మాటివ్వలేదు కానీ, చంపే మాట ఇక ఎత్తడం లేదు.

“దీన్ని ముందు పెంచినాయన నాకంటే ముందే కనిపెట్టాడు” అన్నారు ప్రాసర్ గారు. బావ నీకెందుకు చెప్పలేదో రాయాలంటే చేయి రావడం లేదు. చెబితే నువ్వు కబేళా బండిని పిలుస్తావని భయపడి ఉంటాడు. నిన్ను అనుమానించినందుకు నన్ను క్షమించు.

నీ లోర్నా

*

నార్తంబర్‌లాండ్, జూన్ 6

లోర్నా, నా తల్లీ,

పిలిచేదాన్నే. అందులో అనుమానం లేదు. ఆయనకి నేను బాగా తెలుసు.

ఇవాళ మిల్లుకి వెళ్ళాను. ఐవీ తలుపు సగమే తీసింది. తీయదూ మరి? ఆయన్ని సాగనంపిన రోజు సమాధి దగ్గరికి ఆమె తెచ్చిన పూలను అందరి ముందూ తిరిగి చేతిలో పెట్టాను. “ఆయన ఇక్కడెప్పుడైనా ఆగేవాడా?” అని అడిగాను. “ఆగడం ఎక్కడ! గుర్రంతో ఏవో కబుర్లు చెప్పుకుంటూ పోయేవాడు. ఎందుకమ్మా, నేనేం తప్పు చేశాను?” అంది.

డంకన్ పోయిన రోజు నేను ఏడవలేదు. మురియెల్‌ది దిటవు గుండె అని ఊరంతా మెచ్చుకున్నారు. ఇవాళ ఐవీ గుమ్మంలో కూలబడి, ఆమె చేయి పట్టుకుని ఏడ్చాను.

మీ అక్క
మురియెల్