తెల్లపట్టీ చిలువలు

గాజువాక,
23-11-1983

బావ సన్యాసిరాజుకు,

అచ్యుతరామయ్య నమస్కరించి రాసే సంగతులు. ఇక్కడ మేమంతా కులాసా. నువ్వూ కులాసాగానే ఉన్నావని ఆవ చెరువులో దోనె నడిపే గవర్రాజు చెప్పాడు, అందుకని అడగను. ఆదివారం సాయంత్రం నువ్వు పంపిన చిలువ కూర అందింది. కాస్త కారమైనా బాగుంది. మా తాయారు రెండోసారి వడ్డించుకుంది.

ఇక అసలు సంగతి. పోర్టు ఉద్యోగానికని గోదావరి నుంచి వచ్చిన నాకు కొండకర్ల ఆవను చూపించింది నువ్వు. ఆ ఎర్రటి అడవి బాతుల్ని చిలువలంటారని చెప్పిందీ నువ్వే. చిన్న చిలువలు ఇక్కడివే, కూరకు కొట్టుకోవచ్చు. ఎప్పుడో గాని రాని పెద్ద చిలువల్ని మాత్రం "సుట్టాలు బావా, ఆటి జోలికి ఎల్లకూడదు" అన్నావు. మీ ఊరి కట్టుబాటది. కానీ నీళ్ల మీద రెండూ ఒకలాగే ఉంటాయి, మీవాళ్లే పొరబడి చుట్టాన్ని కొట్టిన రోజులున్నాయి. అందుకే దోనెలో పడిగాపులు పడి ఆ గుర్తు పట్టాను. గెడతో దోనె అంచు తట్టి లేపితే, ఎగిరేటప్పుడు చిన్నదానికి తోక మొదట్లో ఎరుపు, పెద్దదానికి తెల్లపట్టీ. అది చూసి వదిలేస్తారనే నీకా గుర్తు చెప్పాను బావా!

ఈ ఏడు ఒక జంట దిగితే ముందు నీకే చెప్పాను. నువ్వు ఆదివారం పొద్దున తుపాకీతో వేటకొచ్చిన ఆఫీసరును వెంటేసుకుని వెళ్లావు. ఎవరూ కొట్టనిది తాను కొట్టానని చెప్పుకోవాలిట ఆయనకు. గెడతో దోనె తట్టింది నువ్వేనట. తెల్లపట్టీ చూపించి, "అయ్యే బాబూ, ఆటిని కొట్టండి" అన్నావుట. మీ తమ్ముడికి ఉద్యోగం వేయిస్తానన్నాడు కాబోలు. ఉద్యోగం అవసరమే, కాదనను. కానీ కాపాడమని నేనిచ్చిన గుర్తుతోనే చంపించావే! తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే. వినగానే నాకు ఏడుపొచ్చింది, చెప్పుకోడానికి సిగ్గులేదు.

ఇకమీదట నన్ను బావా అని పిలవకు.

ఇట్లు,
అచ్యుతరామయ్య

తా.క.: ఈ ఉత్తరం గవర్రాజు చేతికే ఇస్తున్నాను. మడిచాక, ఆ రోజు చిన్న చిలువలు ఎన్ని పడ్డాయని అతన్ని అడిగాను. ఒక్కటీ పడలేదుట, గెడ చప్పుడికే అన్నీ చెదిరిపోయాయిట. పడింది ఆ జంటే. ఒకటి ఆఫీసరు జీపులో వేసుకున్నాడుట, రెండోది నీకిచ్చాడుట. నువ్వు కూర పంపిన క్యారేజీ కడిగి పంపుతున్నాను. తాయారుకు చెప్పలేదు. అన్నయ్యగారు మళ్లీ ఎప్పుడు పంపుతారని అడుగుతోంది.