చక్కెర నీళ్ల సీసా

అన్నా,

పోయిన నెల నీ సంవత్సరీకానికి వదిన మిరుదొడ్డి నుంచి వచ్చింది. వచ్చీ రాగానే నీ చేపల తొట్టి ముందు కూర్చుంది. అప్పటికి అందులోని మొక్కలు పాలిపోయి చాలా రోజులైంది. నేను పుస్తకాలు తిరగేసి ఎరువు పెంచాను, లైటు పది గంటలు వెలిగించాను. ఆకుల నిండా నాచు పట్టింది.

"గీ సీసల చక్కెర నీళ్లు ఎప్పుడు మార్చినవ్?" అని తొట్టిలోకి సన్నని గొట్టం పెట్టి ఉన్న సీసాను చూపిస్తూ వదిన అడిగింది.

"మార్చాల్నా, వదినా?"

"అయ్యో పిల్లా! చక్కెర అయిపోతే అండ్లున్న ఈస్టు మొక్కలకు గ్యాసు ఎట్ల ఇస్తది? గ్యాసు లేకుంట లైటు, ఎరువు పెంచితే నాచుకే పండుగ. మీ అన్న పెండ్లైన వారానికే నాకు చెప్పిండు."

ఇరవై ఏళ్లు నీ పక్కనే ఉన్న నాకు చెప్పలేదేం? నేను అడగలేదు, నిజమే. ఆమె మాత్రం అడిగిందా?

వదిన సీసా కడిగి చక్కెర, ఈస్టు కొత్తగా కలిపింది. లైటు ఆరు గంటలకు తగ్గించింది. ఇప్పుడు తొట్టి నిండా కొత్త చిగుళ్లు. ఆకుల మీద సన్నని బుడగలు లేస్తున్నాయి.

ఇవాళ మళ్లీ వచ్చి, "ఒక్క కొమ్మ ఇస్తవా? గాజు గిన్నెల పెట్టుకుంట" అంది. నాచు మరకలున్న పాత కొమ్మను వెతికి తుంచి ఇచ్చాను. వదిన దాన్ని తడిగుడ్డలో చుట్టుకుని సంతోషంగా బస్సెక్కింది.

నువ్వుంటే నా చేతిలోని కత్తెర లాక్కుని, అన్నిటికంటే మంచి కొమ్మ ఆమెకు ఇచ్చేవాడివి. నేను రెండు రోజులు నీతో మాట్లాడేదాన్ని కాదు.

నీ చెల్లె