గోడ కింది తూము

1964 జూలై, ఆదివారం రాత్రి

మొన్నటి నుంచి బట్టలుతికే బండ దగ్గర నీళ్ళు నిలిచిపోతున్నాయి. అక్కడి తూము గోడ కింద నుంచి పక్కింటి గాజుల బీబమ్మ పెరట్లో అరటిచెట్టు మొదట్లోకి పోతుంది. సబ్బునీళ్ళంటే విసుగొచ్చి అటునుంచి వాళ్ళే మూసేశారనుకున్నాను. ఒంటరిదాన్నని ఇంత లోకువా! తిట్టుకుంటూనే సాయంత్రం వెదురుకర్ర తెచ్చి పొడిచాను.

వెంటనే గోడ అవతల నుంచి బీబమ్మ కేక.

"పంతులమ్మగారూ, ఉన్నారా! నీళ్ళు రాలేదని ఊరెళ్ళిపోనారేటో అనుకున్నాను. జొరమేటైనా వచ్చిందా?"

ఉన్నాను, తూము పూడిపోయిందని చెప్పాను. ఆమె అటు నుంచి, నేను ఇటు నుంచి పొడిస్తే, నేను అంట్లు తోముకునే కొబ్బరిపీచే ముద్దగా బయటికొచ్చింది. నీళ్ళు గలగలా పారాయి.

"ఇంక పరవాలేదమ్మా" అని బీబమ్మ లోపలికి వెళ్ళిపోయింది. ఇంకాసేపు ఉంటుందేమోనని నేను గోడ దగ్గరే నిలబడ్డాను.

ఈ ఊరికి బదిలీ అయి ఏడాది. నేనున్నానో లేదో చూసుకునే మనిషి ఉందని ఇవాళే తెలిసింది.

రేపు ఉతకడానికి బట్టల్లేవు. అయినా లేవగానే ఆ బండ మీద రెండు చెంబుల నీళ్ళు పొయ్యాలి. లేకపోతే బీబమ్మ నేను ఊరెళ్ళాననుకుంటుంది.